బడి ఇచ్చిన ట్యాబ్ పగిలితే... ఆ బిల్లు ఎవరిది?

భన్‌పురి (రాయ్‌పూర్): పిల్లల చేతిలో బడి ఇచ్చిన ట్యాబ్ పగిలితే ఇంట్లోనైనా, బడిలోనైనా మొదట వచ్చే మాట ‘ఎవరు పగలగొట్టారు?’ అని. అంతకంటే ముందు తేలాల్సింది ఆ వస్తువు ఎవరిదన్న సంగతి. పిల్లాడిదా, బడిదా, ప్రభుత్వానిదా, లేక లోపల పాఠాలు నింపిన కంపెనీదా? ఇది తేలకుండా ‘బాధ్యత’ గురించి ఎంత మాట్లాడినా అది చివరికి బలహీనుడి మెడకే చుట్టుకుంటుంది. మన దగ్గర ఈ విషయంలో బలహీనుడు పదమూడేళ్ల విద్యార్థి. వాడి వెనక ఉన్నది కూలికి పోయే తల్లిదండ్రులు.

తెలుగువాళ్లకు ఈ విషయంలో సొంత అనుభవమే ఉంది, అదీ చిన్నది కాదు. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి తన పుట్టినరోజున బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. ఆ విడతలో మొత్తం 5,18,740 ట్యాబ్‌లు. అందులో 4,59,564 పిల్లలకు, మిగతా 59,176 ఉపాధ్యాయులకు. ఖర్చు రూ.680 కోట్లకు పైగా. సరిగ్గా ఏడాదికి, 2023 డిసెంబరు 21న అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత. ఈసారి 4,34,185 ట్యాబ్‌లు, రూ.620 కోట్లు. రెండు విడతలూ కలిపితే తొమ్మిదిన్నర లక్షలు దాటింది. బైజూస్ పాఠాలను మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చారు, ఇంటర్నెట్ లేని ఊళ్లలో కూడా పనిచేయాలని. ఈ ఒక్క విషయంలో పథకం రాసినవాళ్లకు పల్లె తెలుసనిపిస్తుంది.

పంపిణీ సభల్లో ట్యాబ్‌ను కానుక అన్నారు. ఒక్కో విద్యార్థికి కంటెంట్‌తో కలిపి 30 వేల రూపాయలకు పైగా లబ్ధి అని లెక్క చెప్పారు. కానీ అదే ట్యాబ్‌లో, పిల్లలు ఏం చూడొచ్చో ఏం చూడకూడదో దూరం నుంచి నియంత్రించే తాళం కూడా పెట్టారు. దాన్ని సాంకేతికంగా ఎండీఎం అంటారు, అంటే మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్. పిల్లలు పక్కదారి పట్టకుండా అని చెప్పారు, ఆ ఉద్దేశంలో తప్పు పట్టాల్సింది లేదు. అయితే కానుకగా ఇచ్చిన దానికి తాళంచెవి ఇచ్చినవాడి దగ్గరే ఉంటే దాన్ని కానుక అనగలమా? ఇక్కడే మెలిక. వస్తువు పాడైతే ‘నీకిచ్చాం కదా, నువ్వే చూసుకోవాలి’ అంటారు. వాడకం దగ్గరికి వచ్చేసరికి ‘ఇది ప్రభుత్వ సొత్తు, మేం చెప్పినట్టే వాడాలి’ అంటారు. రెండు మాటలూ ఒకే నోటి నుంచి రాకూడదు.

పంపిణీ తర్వాత కొద్ది నెలలకే ఊళ్లలో తాళాలు తీసే వ్యాపారం మొదలైందని పత్రికల్లో వార్తలు వచ్చాయి. సెల్‌ఫోన్ షాపులో కొంత డబ్బిస్తే లాక్ తీసేసి యూట్యూబ్, గేమ్‌లు వేసి ఇస్తున్నారని వాటి సారాంశం. పేద పిల్లలు ట్యాబ్‌లు వాడటం కొందరికి గిట్టడం లేదని అధికార పక్షం ఎదురుదాడికి దిగింది. రెండు పక్షాలూ కొట్టుకుంటుండగా అసలు ప్రశ్న పక్కకు పోయింది. తాళం తీయించిన పిల్లాడిది తప్పా, తాళం అంత తేలిగ్గా ఊడేలా పెట్టినవాడిది తప్పా?

ఈ ప్రశ్నకు అమెరికాలో దశాబ్దం క్రితమే ఒక పెద్ద ఉదాహరణ దొరికింది. లాస్‌ఏంజెలెస్ విద్యా జిల్లా 2013లో వంద కోట్ల డాలర్లు దాటిన పథకంతో విద్యార్థులందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. పంపిణీ మొదలైన కొద్ది రోజుల్లోనే రూజ్వెల్ట్ హైస్కూల్ సహా కొన్ని బడుల్లో దాదాపు 300 మంది విద్యార్థులు భద్రతా తాళాన్ని దాటేశారు. వాళ్లు హ్యాకర్లు కారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక ప్రొఫైల్‌ను తొలగించారు, అంతే. అధికారులు వెంటనే ఐప్యాడ్‌లు ఇంటికి తీసుకెళ్లొద్దన్నారు. ఇంటికి తీసుకెళ్లిన ఐప్యాడ్ పోతే కుటుంబం కట్టాలా, బడి భరించాలా అన్న విషయంలో కూడా అప్పటికి స్పష్టత లేదు. తర్వాత కొనుగోలు ఒప్పందం మీదే అనుమానాలు లేచాయి, 2014 అక్టోబరులో సూపరింటెండెంట్ జాన్ డేసీ రాజీనామా చేశారు, డిసెంబరులో ఎఫ్‌బీఐ వచ్చి కాగితాల పెట్టెలు పట్టుకుపోయింది. మొదట ముద్దాయిల్లా కనబడింది ఆ మూడొందల మంది పిల్లలు. కథ చివరికి వచ్చేసరికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది పెద్దలు.

ఇక భన్‌పురి నుంచి చూస్తే ఈ సంగతి మరో కోణంలో కనబడుతుంది. రాయ్‌పూర్‌కు ఉత్తరాన, ఉర్లా, సిల్తరా కర్మాగారాల దారిలో ఉన్న పారిశ్రామిక ప్రాంతం ఇది. రాయ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే విజయనగరం రైలు మార్గమే వాళ్లను ఇక్కడికి చేర్చింది. పని ఎటుంటే సంసారం అటు. అలాంటి ఇంటి పిల్ల అక్కడ ఎనిమిదో తరగతి చదువుతుండగా ట్యాబ్ అందుకుని, ఏడాది మధ్యలో తల్లిదండ్రులతో రాయ్‌పూర్ వచ్చేసిందనుకుందాం. ట్యాబ్ తెచ్చుకోవచ్చా? తెచ్చుకుంటే, ఛత్తీస్‌గఢ్ బోర్డు పుస్తకాలతో హిందీలో చదవాల్సిన పిల్లకు ఆంధ్ర సిలబస్ పాఠాలున్న ఆ పలక ఎందుకు? చెడిపోతే ఎవరికి చూపించాలి? మూడేళ్ల వారంటీ ఉందని, సమస్య వస్తే హెడ్‌మాస్టరుకో సచివాలయంలోనో ఇస్తే వారంలో బాగుచేసి లేదా మార్చి ఇస్తారని ఆనాడు చెప్పారు. మంచి ఏర్పాటే. కానీ భన్‌పురిలో గ్రామ సచివాలయం ఎక్కడుంది?

ఒకవేళ ‘ట్యాబ్ వెనక్కి ఇస్తేనే టీసీ’ అని బడి అంటే? ఇది ఊహించుకోవడానికి కష్టమైన మాట కాదు. లైబ్రరీ పుస్తకం బాకీ ఉంటే టీసీ ఆపడం మనందరికీ తెలిసిన పద్ధతే. చట్టం మాత్రం వేరే చెబుతోంది. విద్యాహక్కు చట్టం (2009) ఐదో సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతిలోపు విద్యార్థి రాష్ట్రంలో గానీ రాష్ట్రం దాటి గానీ బడి మారాల్సి వస్తే ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే ఆయనే క్రమశిక్షణ చర్యకు గురవుతాడు. అంతేకాదు, టీసీ రాలేదన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. వలస కుటుంబాల కోసమే రాసినట్టుండే ఈ సెక్షన్ గురించి వలస కుటుంబాల్లో ఎంతమందికి తెలుసు? ఇక్కడి తెలుగు బస్తీలో నలుగురిని అడిగితే నలుగురూ తల అడ్డంగా ఊపారు.

జరిమానా సంగతీ అంతే. అదే చట్టం మూడో సెక్షన్ రెండో ఉపనిబంధన, ప్రాథమిక విద్య పూర్తిచేయకుండా అడ్డుపడే ఏ ఫీజునూ, ఏ ఖర్చునూ పిల్లల మీద వేయకూడదంటోంది. పగిలిన తెరకు డబ్బు కట్టమనడం ‘ఫీజు’ కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు. కట్టలేక పిల్ల బడి మానేస్తే మాత్రం వాదనకు చోటుండదు. ఒక ట్యాబ్ కొన్న ధర పై లెక్కల ప్రకారం సగటున 13 వేల రూపాయలకు పైనే. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే నలభై మూడు రోజుల కూలి. ఛత్తీస్‌గఢ్‌లో కూలి ఇంతకంటే తక్కువ. ఈ లెక్క తెలిసిన తల్లి ట్యాబ్‌ను పిల్ల చేతికి ఇవ్వదు, బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. వస్తువు భద్రంగానే ఉంటుంది, చదువు మాత్రం బీరువాలోకి పోయింది. బాధ్యత పేరుతో భయం పెడితే వచ్చే ఫలితం ఇదే.

తొమ్మిదో తరగతి మొదలు ఈ చట్టం రక్షణ ఉండదు. అప్పుడైనా పిల్లలతో రాయించుకునే హామీపత్రానికి విలువ ఎంత? భారత కాంట్రాక్టు చట్టం (1872) పదకొండో సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లనే చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. నూటపాతికేళ్లు కావస్తున్నా న్యాయ విద్యార్థులు మొదటి ఏడాది చదివేది ఆ తీర్పే. కాబట్టి పిల్లల సంతకం అలంకారం. తల్లిదండ్రుల సంతకానికి విలువ ఉంటుంది, వాళ్లు చదివి పెడితే. భన్‌పురిలో ఇది ఇంకో రకం చిక్కు. ఫారం హిందీలోనో ఇంగ్లిష్‌లోనో వస్తుంది. చాలా తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, హిందీ కలిపి బతకడం వచ్చు, ఫారం చదవడం రాదు. చదివి చెప్పేది పిల్లలే. అంటే తన మీద తానే రాసుకున్న షరతులను అమ్మకు అనువదించి చెప్పి సంతకం పెట్టించుకునేది కూడా ఆ విద్యార్థే!

మరి బాధ్యతకు న్యాయమైన కొలత ఏమిటి? ఆశ్చర్యంగా, అదే 1872 నాటి చట్టంలో ఉంది. ఒకరి వస్తువు మరొకరి దగ్గర ఉంచినప్పుడు, ఉంచుకున్నవాడు అలాంటి సొంత వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకుంటే చాలని 151వ సెక్షన్ చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా వస్తువు పోయినా, పాడైనా, వేరే ఒప్పందం లేకపోతే అతను బాధ్యుడు కాడంటుంది 152. బడి ట్యాబ్‌కు ఈ సెక్షన్లు నేరుగా వర్తిస్తాయా అన్నది కోర్టులు తేల్చాలి. కొలతగా మాత్రం ఇంతకంటే మంచిది దొరకదు. వానకు కారే ఇంట్లో ట్యాబ్ తడిస్తే అది నిర్లక్ష్యం కాదు, ఇంటి పరిస్థితి. ట్యాబ్‌తో క్రికెట్ బ్యాట్‌లా ఆడితే అది నిర్లక్ష్యం. తేడా ఏ టీచరుకైనా తెలుస్తుంది.

ఈ విషయంలో హర్యానా కాస్త తేటగా వ్యవహరించింది. 2022 మే 5న రోహ్‌తక్‌లో మొదలైన ఈ-అధిగమ్ పథకంలో పది, పదకొండు, పన్నెండు తరగతుల ప్రభుత్వ బడి పిల్లలకు 5 లక్షల దాకా ట్యాబ్లెట్లు, రోజుకు రెండు జీబీ ఉచిత డేటాతో ఇవ్వాలనుకున్నారు. చదువు అయ్యాక తిరిగి ఇచ్చేయాలి, లైబ్రరీ పుస్తకంలాగే. కానుక అన్న మాటే లేదు. తమిళనాడు పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది. 2011లో జయలలిత మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో వస్తువు విద్యార్థిదే. తర్వాత అమ్ముకున్నా దాచుకున్నా వాళ్లిష్టం అన్నట్టే నడిచింది, అమ్ముకోకుండా ప్రభుత్వ ముద్ర వేసినా. రెండింటిలో ఏది మేలు అన్నది వేరే చర్చ. నాకు తమిళనాడు దారే నచ్చుతుంది, పేదింట్లో ఒక కంప్యూటరు మిగలడం చిన్న విషయం కాదు కాబట్టి. కానీ రెండు చోట్లా వస్తువు ఎవరిదో అందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో అది మసకగా ఉండిపోయింది.

ఛత్తీస్‌గఢ్ దీనికి మినహాయింపు కాదు. ఇక్కడ 2013లో రమణ్‌సింగ్ ప్రభుత్వం యువ సూచనా క్రాంతి యోజన కింద కాలేజీ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు ఇచ్చింది. 2018లో సంచార్ క్రాంతి యోజన పేరుతో మహిళలకు, విద్యార్థులకు కలిపి 50 లక్షలకు పైగా స్మార్ట్‌ఫోన్లు ఇస్తామంది. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది, పంపిణీ ఆగింది. రెండూ ఎన్నికల సంవత్సరాలే అన్నది గమనించాలి. ఎన్నికల ముందు ఇచ్చే వస్తువుకు పంపిణీ తేదీ ఉంటుంది, మరమ్మతు తేదీ ఉండదు.

నిఘా సంగతి ఇంకా సున్నితం. పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ విద్యా జిల్లా తన రెండు హైస్కూళ్లలో సుమారు 2,300 మందికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్లాలంటే 55 డాలర్ల బీమా రుసుము కట్టాలి. ఒక విద్యార్థి రుసుము కట్టకుండానే ఇంటికి తీసుకెళ్లాడు. దొంగతనం పట్టుకోవడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్‌ను బడి ఆన్ చేసింది. అది అతని పడకగదిలోంచి ఫొటోలు తీసింది. ఏదో మందుబిళ్లలు మింగుతున్నాడని బడివాళ్లు అనుమానించారు, అవి చాక్లెట్ల లాంటి మిఠాయి అని కుటుంబం చెప్పింది. విచారణలో తేలిందేమిటంటే ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం 50 వేలకు పైగా చిత్రాలు పోగేసింది, వెబ్‌క్యామ్ ఫొటోలు, స్క్రీన్ చిత్రాలు కలిపి. 2010 అక్టోబరులో జిల్లా 6,10,000 డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. 55 డాలర్ల బాకీతో మొదలైన వ్యవహారం అది.

మన దగ్గర డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (2023) తొమ్మిదో సెక్షన్ పద్దెనిమిదేళ్లలోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటుంది, వాళ్ల కదలికల మీద నిఘా కూడదంటుంది. అయితే 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు విద్యాసంస్థలకు చదువు అవసరాలు, పిల్లల భద్రత పేరుతో సడలింపు ఇచ్చాయి. సడలింపు అవసరమే, హాజరు తీసుకోవడం కూడా ఒక రకం నిఘానే కదా. కానీ ‘భద్రత’ అన్న మాట ఎంత సాగుతుందో లోయర్ మెరియన్ చూపించింది. కేంద్రం నడిపే దీక్షా యాప్ పిల్లలు ఎక్కడున్నారో తెలిసే సమాచారం సేకరించగలదని హ్యూమన్ రైట్స్ వాచ్ 2022 మేలో ఇచ్చిన నివేదికలో తప్పుపట్టింది. విద్యార్థి ఏ యాప్ వేసుకోకూడదో చెప్పే ఫారంలో, బడి ఆ విద్యార్థి గురించి ఏం చూడకూడదో కూడా ఒక వాక్యం ఉండాలి. అలాంటి ఫారం నేను ఇప్పటివరకు చూడలేదు.

ఇదంతా విద్యార్థులకు బాధ్యతే వద్దనడానికి కాదు. పదమూడేళ్ల పిల్లలు చెల్లెలిని ఎత్తుకుని తిరుగుతారు, అన్నం వండుతారు, బ్యాంకులో అమ్మకు ఫారాలు నింపుతారు. ట్యాబ్ చూసుకోలేరా? అడగాల్సినవి అడిగితే చేస్తారు. పాస్‌వర్డ్ స్నేహితులకు చెప్పకపోవడం, మెమరీ కార్డు తీసి ఫోనులో పెట్టుకోకపోవడం, వేరే చార్జర్లు వాడకపోవడం. అన్నిటికంటే ముఖ్యం, ఏదైనా అయితే అదే రోజు చెప్పడం. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తుంటే దాన్ని చార్జింగ్‌లో పెట్టడం ప్రమాదమని ప్రతి విద్యార్థికీ తెలియాలి, ఎందుకంటే లిథియం బ్యాటరీ అంటుకుంటే ఇల్లే పోతుంది. దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదు, సిమ్ వేసే రకమైతే సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు బ్లాక్ చేయించడం పెద్దల పని. పిల్లలు అదే రోజు చెప్పాలంటే చెబితే తిట్టరన్న నమ్మకం ఉండాలి. జరిమానా ఫారం ఆ నమ్మకాన్ని మొదటి రోజే చంపేస్తుంది. విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. పగిలిన ట్యాబ్ పట్టుకుని అసెంబ్లీలో నిలబెట్టడం ఏ కిందికి వస్తుందో హెడ్‌మాస్టర్లు ఆలోచించుకోవాలి.

పిల్లలకు ఇన్ని నియమాలు చెప్పే వ్యవస్థ తన వంతు ఎలా నిలబెట్టుకుందో కూడా చూద్దాం. పాఠాలిచ్చిన బైజూస్ మీద 2024 జులై 16న బెంగళూరు ఎన్‌సీఎల్‌టీ దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. అప్పీల్ ట్రిబ్యునల్ దాన్ని ఆపినా అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అంతకు ముందే, జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. ట్యాబ్ అందుకున్న ఎనిమిదో తరగతి పిల్లలు మాత్రం అదే ట్యాబ్‌తో తొమ్మిదికి, పదికి వెళ్లారు. మాట తప్పినవాళ్ల జాబితా రాస్తే అందులో వాళ్ల పేర్లు చివరన కూడా ఉండవు.

తొలి విడత పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి బడి దాటారు. వాళ్ల ట్యాబ్‌ల మూడేళ్ల వారంటీ ఆ డిసెంబరుతో తీరిపోయింది. రెండో విడతకూ అదే లెక్క వేస్తే 2026 డిసెంబరు. బడి దాటిన పిల్లాడికి హెడ్‌మాస్టరు లేడు, తాళం తీసేదెవరో తెలియదు, పాడైన బ్యాటరీ ఎక్కడ ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఆ భారాన్ని తయారీ కంపెనీ మీద పెట్టాయి. భన్‌పురిలో మాత్రం ఇప్పటికైతే పాత ఇనుము కొనే బండివాడే దిక్కు. అతను దాన్ని కిలోల లెక్కన కొంటాడు.